న్యాయస్థానంలో ఆర్థికవేత్త: సూరత్ మరమగ్గం దగ్గర మొదలైన ఒక లెక్క



గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని మీలో చాలామంది చూసి ఉండరు. కానీ ఆ ఊళ్లో నేసిన గుడ్డ మీ ఇంట్లో ఏదో ఒక మూల ఉండే ఉంటుంది. సింథటిక్ చీరలకూ డ్రెస్ మెటీరియల్‌కూ దేశంలోనే పెద్ద కేంద్రం అది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసే వారిలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు వారితో పాటు మనవారూ ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడికి వలస వెళ్తున్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి.

ఆ నగరంలో ఒక నేత కార్మికుణ్ణి ఊహించుకుందాం. కల్పిత వ్యక్తే కాబట్టి పేరు అక్కరలేదు. వయసు 35. రాత్రి పాళీ ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తుండగా లారీ గుద్దింది. మనిషి పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఊళ్లో ముసలి తల్లి మిగిలారు. తప్పు లారీ డ్రైవరుదేనని తేలింది. లారీకి బీమా ఉంది. ఎవరు చెల్లించాలన్నది ఇక వివాదం కాదు. ఎంత చెల్లించాలన్నదే ప్రశ్న.

పోయిన ప్రాణానికి వెల కట్టగలమా? కట్టలేం, చట్టం కూడా ఆ పని చేయదు. చట్టం అడిగేది వేరే ప్రశ్న. ఈ మనిషి బతికి ఉంటే ఆ నలుగురికి ఎంత అందేది? అందులో ఈ రోజు ఎంత ఇస్తే ఆ లోటు పూడుతుంది? ఇది కొలత. కొలత అన్నాక పద్ధతి ఉంటుంది, పరికరం ఉంటుంది, పొరపాటుకు అవకాశమూ ఉంటుంది. నేను విజ్ఞానశాస్త్రం బోధించేవాణ్ణి. కోర్టు వ్యవహారం మీద ఒక పాఠం చెప్పడానికి నాకున్న సాకు ఇదే.

నిపుణ సాక్షి ఎవరు?

మామూలు సాక్షి తాను చూసింది, విన్నది చెబుతాడు. "లారీ ఎర్ర లైటు దాటి వచ్చింది" అంటాడు. లారీ వేగం ఎక్కువ కాబట్టి డ్రైవరుకు శిక్ష వేయాలి అంటే మాత్రం జడ్జి ఆపేస్తారు. అభిప్రాయాలు చెప్పడం సాక్షి పని కాదు. దీనికి మినహాయింపు నిపుణుడు. ఎముక ఎప్పుడు విరిగిందో డాక్టరు, సంతకం ఎవరిదో చేతిరాత నిపుణుడు తమ అభిప్రాయం చెప్పవచ్చు. 1872 నాటి భారత సాక్ష్య చట్టంలో 45వ సెక్షను ఈ సంగతే చెప్పింది. విదేశీ చట్టం, విజ్ఞానశాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు ఆ జాబితాలో ఉండేవి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చింది. అందులో 39వ సెక్షను పాత జాబితాకు "ఇతర ఏ రంగమైనా" అన్న అర్థం వచ్చే మాటలు చేర్చింది. ఆర్థికశాస్త్రం విజ్ఞానశాస్త్రమా కాదా అన్న పాత చర్చ తరగతి గదిలో ఎంతకాలం సాగినా, కోర్టు గుమ్మం దగ్గర మాత్రం ఇక దాని అవసరం లేదు.

మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు ఇంకో వెసులుబాటు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 169వ సెక్షను ప్రకారం, విచారణకు సంబంధించిన విషయంలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారిని ట్రిబ్యునల్ తానే ఎంచుకుని సహాయం తీసుకోవచ్చు. కాంపిటీషన్ కమిషన్‌కు కూడా 2002 చట్టం ఇటువంటి అధికారమే ఇచ్చింది. అక్కడ పిలవదగిన నిపుణుల వరుసలో ఆర్థికశాస్త్రం పేరే మొదట ఉంది.

అమెరికాలో ఇది ఏనాడో ఒక వృత్తిగా స్థిరపడింది. ఇలాంటి ఆర్థికవేత్తలకు 1986 నుంచి ఒక జాతీయ సంఘం ఉంది. ప్రమాదాల్లో పోయిన ఆదాయం, ఉద్యోగాల్లో వివక్ష, కంపెనీలు కుమ్మక్కై పెంచిన ధరలు, ఇలా అనేక కేసుల్లో వారు బోనెక్కుతారు. మన దేశంలో ప్రమాదాల కేసుల్లో ఆర్థికవేత్త కనిపించడం అరుదు. ఆయన చేయాల్సిన లెక్కలో సగం ఒక పట్టికలో ఇమిడి ఉండటమే దానికి కారణం. ముందు ఆ పట్టికను చూద్దాం.

గుణకం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లండులో రైళ్లు వచ్చాక ప్రమాదాలూ పెరిగాయి. మరణించిన వారి కుటుంబాలు పరిహారం కోరే హక్కు 1846లో అక్కడ చట్టమైంది. మన దేశానికి ఆ హక్కు 1855 నాటి ప్రాణాపాయ ప్రమాదాల చట్టంతో వచ్చింది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం చాలాకాలం జడ్జి విచక్షణకే వదిలేశారు. ఒకే రకమైన కేసులో ఒక ఊళ్లో లక్ష, పక్క ఊళ్లో నాలుగు లక్షలు వచ్చేవి.

1994లో సుప్రీంకోర్టు సుశమ్మా థామస్ కేసులో గుణక పద్ధతే సరైనదని చెప్పింది. కుటుంబం ఏటా కోల్పోయే మొత్తాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చించాలి. అదే ఏడు పార్లమెంటు ఒక పట్టికను కూడా చట్టానికి జతచేసింది. అందులో ఒక వింత ఉంది. 15 ఏళ్ల వయసు, ఏడాదికి 3,000 రూపాయల ఆదాయం, గుణకం 15 అని చూపిన చోట జవాబు 60,000 అని అచ్చయింది. 3,000ను 15తో హెచ్చిస్తే 45,000 అని అయిదో తరగతి పిల్లవాడు చెబుతాడు. 1996లో త్రిలోక్ చంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ తప్పులను ఎత్తిచూపింది. అచ్చులో ఉన్న అంకెను చూసి నోరు మూసుకోకూడదని నేను పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణనే వాడుతుంటాను.

2009 ఏప్రిల్ 15న సరళా వర్మ కేసు తీర్పులో గుణకాలు స్థిరపడ్డాయి. 15 నుంచి 25 ఏళ్ల వారికి 18, 26 నుంచి 30 వరకు 17, 31 నుంచి 35 వరకు 16, ఆపైన తగ్గుతూ పోయి 65 దాటిన వారికి 5. సంపాదించే మనిషి తన తిండికీ బట్టకూ ఖర్చు పెట్టుకునే వాటాను ముందుగా తీసేయాలి. ఆధారపడినవారు ఇద్దరో ముగ్గురో ఉంటే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురు ఉంటే నాలుగో వంతు. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మరో మెట్టు ఎక్కింది. మనిషి ఆదాయం ఎప్పుడూ ఉన్నచోటే ఉండదు, పెరుగుతుంది. అందుకని సొంత పని చేసుకునే వారికి, స్థిర వేతనం మీద ఉన్నవారికి కూడా 40 ఏళ్ల లోపు వయసైతే ఆదాయానికి 40 శాతం కలపాలని చెప్పింది. 40 నుంచి 50 వరకు 25 శాతం, 50 నుంచి 60 వరకు 10 శాతం.

ఈ 16 అనే అంకెలో ఉన్న ఆర్థికశాస్త్రం ఏమిటి? మన నేత కార్మికుడు 60 ఏళ్ల దాకా పనిచేస్తాడనుకుంటే ఇంకా 25 ఏళ్ల సంపాదన ఉంది. మరి 25 కాకుండా 16 ఎందుకు? డబ్బు ఈ రోజే చేతికి వస్తుంది కాబట్టి. బ్యాంకులో 5 శాతం వడ్డీకి వేస్తే ఈనాటి 100 రూపాయలు ఏడాదికి 105 అవుతాయి. కనుక ఏడాది తర్వాత అందాల్సిన 100 రూపాయలకు ఈ రోజు 95 రూపాయల 24 పైసలు ఇస్తే చాలు. రెండేళ్ల తర్వాతి వందకు ఇంకా తక్కువ చాలు. ఇలా 25 ఏళ్లకూ విడివిడిగా లెక్కకట్టి కూడితే వచ్చేదాన్ని వర్తమాన విలువ అంటారు. 5 శాతం దగ్గర గుణకం 14.09 వస్తుంది, 6 శాతం దగ్గర 12.78. వడ్డీ పెరిగితే గుణకం తగ్గుతుంది. 16 రావాలంటే వడ్డీ ఎంత ఉండాలి? కాలిక్యులేటరు తీసుకుని మీరే వెతకండి, 3.75 శాతం దగ్గర 16.04 వస్తుంది. అంటే ఆ పట్టిక మాటల్లో చెప్పకుండానే ఒక వడ్డీ రేటును ఒప్పుకుంది. ఆర్థికవేత్త కంటికి మొదట కనబడేది అదే.

ఆదాయం ఎంత?

గుణకం, తగ్గింపు, పెంపు, మూడూ పట్టికల్లో ఉన్నాయి. పట్టికలో లేనిది ఒక్కటే, ఆ మనిషి అసలు ఆదాయం. సరళా వర్మ కేసులో చనిపోయిన వ్యక్తి భారత వ్యవసాయ పరిశోధన మండలిలో శాస్త్రవేత్త. ఆయనకు నెలనెలా జీతపు చీటీ ఉండేది. మన నేత కార్మికుడికి ఏముంది? మీటరు లెక్కన కూలి. ఎన్ని మీటర్లు నేశాడో యజమాని దగ్గరున్న నోటుబుక్కులో ఉంటుంది, అదీ గుజరాతీ అంకెల్లో. యజమాని ఆ పుస్తకం ఇవ్వడానికి ఇష్టపడకపోవచ్చు. భార్య తెలుగులో సాక్ష్యం చెబుతుంది, దుబాసీ గుజరాతీలోకి మారుస్తాడు. "నెలకు పద్దెనిమిది వేలు తెచ్చేవాడయ్యా" అని ఆమె అంటే, "కాగితం ఉందా?" అని బీమా కంపెనీ వకీలు అడుగుతాడు.

కాగితం లేదు కాబట్టి కనీస వేతనమే లెక్కలోకి తీసుకోవాలని ఆ వకీలు వాదిస్తాడు. ఇది చాలా కేసుల్లో వినిపించే వాదన. అయితే అసంఘటిత రంగ కార్మికుల నుంచి రాతపూర్వకమైన ఆదాయ పత్రాలు ఆశించలేమని సుప్రీంకోర్టు 2011లో రామచంద్రప్ప కేసులో గుర్తించింది. జీతపు పత్రం లేనప్పుడు కనీస వేతనాల నోటిఫికేషను ఒక కొలబద్ద అవుతుంది గానీ అదే ఏకైక కొలబద్ద కాదని 2021లో చందా కేసులో చెప్పింది. తలుపు తెరుచుకుంది. లోపలికి ఏం తీసుకెళ్లాలన్నదే ఆర్థికవేత్త పని.

మంచి ఆర్థికవేత్త ముందుగా లెక్క మొదలుపెట్టడు, చెప్పులు వేసుకుని బయలుదేరతాడు. ఆ మనిషి ఎన్ని మగ్గాలు చూసుకునేవాడు? మన సిరిసిల్లలో సాంచాలు అంటారే, అవే. ఒక పాళీ ఎన్ని గంటలు? అదే కార్ఖానాలో అదే పని చేసే మిగతావాళ్లకు పదిహేను రోజుల పగారు ఎంత వచ్చింది? ఊరికి డబ్బు పంపిన బ్యాంకు పాసుబుక్కులో ఏ నెలలో ఎంత ఉంది? ఇంటి అద్దె ఎంత? కిరాణా కొట్టులో ఖాతా ఎంత పెరిగేది, ఎప్పుడు తీరేది? అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేకుండా రాసిన లెక్కలు ఇవి. కోర్టు కోసం తయారుచేసిన సర్టిఫికెట్టు కన్నా కిరాణా పుస్తకం నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ప్రభుత్వం జరిపే కార్మిక శక్తి సర్వేల అంకెలు కూడా ఆయన పక్కన పెట్టుకుంటాడు. ఒక మనిషి ఆదాయాన్ని అవి నిరూపించలేవు, కానీ చెబుతున్న అంకె సాధ్యమైనదో కాదో పరీక్షించడానికి పనికొస్తాయి.

ఇలా వెతికేటప్పుడు కుటుంబానికి నచ్చని సంగతి ఒకటి బయటపడవచ్చు. దీపావళికి సూరత్ మార్కెట్టు మూతపడుతుంది. పండుగ తర్వాత మగ్గాలు పూర్తిగా తిరగడానికి రోజులు పడుతుంది. ఎండాకాలంలో పెళ్లిళ్లకు వలస కార్మికులు సొంతూళ్లకు వెళ్తారు. మీటరు కూలి మనిషికి మగ్గం తిరగని రోజు కూలి లేదు. మన కల్పిత కార్మికుడు నెలకు 18,000 తెచ్చిన మాట నిజమే, కానీ ఏడాదిలో పది నెలలే అనుకుందాం. అప్పుడు ఏడాది ఆదాయం 2,16,000 కాదు, 1,80,000.

ఇప్పుడు మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటిలోనూ పట్టికలు అవే. ఆదాయానికి 40 శాతం కలపాలి, నలుగురు ఆధారపడ్డారు కాబట్టి నాలుగో వంతు తీసేయాలి, 16తో హెచ్చించాలి. కనీస వేతనం నెలకు 12,000 అనుకుని బీమా కంపెనీ చేసే లెక్కలో ఏడాది ఆదాయం 1,44,000. అది 40 శాతం కలిపితే 2,01,600, నాలుగో వంతు పోతే 1,51,200, చివరికి 24,19,200 రూపాయలు. కుటుంబం వకీలు పన్నెండు నెలలూ 18,000 అని చెబితే 36,28,800. ఆర్థికవేత్త లెక్క 1,80,000తో మొదలై 2,52,000, తర్వాత 1,89,000 అయి 30,24,000 దగ్గర ఆగుతుంది. రెండు చివరల మధ్య తేడా పన్నెండు లక్షల పైచిలుకు. ఒక పిల్లవాడి ఇంజనీరింగు చదువు, ఒక ఇల్లు, తల్లికి మందులు, అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి.

చిన్నదిగా కనిపించే ఇంకో విషయం చూడండి. ఊళ్లో ఉన్న తల్లి కొడుకు మీద ఆధారపడలేదని బీమా కంపెనీ నిరూపించగలిగిందనుకుందాం. ఆధారపడినవారు ముగ్గురే అవుతారు, తీసేయాల్సింది మూడో వంతు అవుతుంది. 2,52,000లో మూడో వంతు పోతే 1,68,000, దాన్ని 16తో హెచ్చిస్తే 26,88,000. ఒక్క ముసలావిడ పేరు దగ్గర 3,36,000 రూపాయలు తగ్గాయి. నెలనెలా ఆమెకు పంపిన మనియార్డరు రసీదులు ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయో లేదో వెతికించే బాధ్యత కూడా ఈ పనిలో భాగమే.

భర్త పోయాక ఆ భార్య పిల్లలతో కరీంనగర్ తిరిగి వచ్చేసిందనుకోండి. కేసు కోసం సూరత్ చుట్టూ తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాక, తాను నివసించే చోట ఉన్న ట్రిబ్యునల్‌లో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను చెబుతుంది. కానీ అక్కడ ఇంకో చిక్కు ఎదురవుతుంది. కరీంనగర్ చుట్టుపక్కల కూలి రేట్లు చూపించి బీమా వకీలు ఆదాయం తగ్గించబోతాడు. అతను సంపాదించింది సూరత్‌లో, బతికుంటే సంపాదించేదీ అక్కడే. పోయింది ఆ ఆదాయమే అని వివరించడం ఆర్థికవేత్త వంతు.

బోనులో

ప్రమాణం చేశాక అడ్డు ప్రశ్నలు మొదలవుతాయి. మన కల్పిత కేసులోనే అవి ఇలా సాగవచ్చు.

"ప్రొఫెసర్ గారూ, మీకు ఈ పనికి ఫీజు ఎవరిస్తున్నారు?"

"కుటుంబం తరఫు వకీలు గారండీ."

"అయితే వాళ్లకు కావలసిన అంకె చెప్పారన్నమాట."

"వాళ్లు అడిగింది ముప్పై ఆరు లక్షలండీ. నేను చెప్పింది ముప్పై."

ఈ జవాబు ఆయన తెలివితేటల వల్ల రాలేదు. మార్కెట్టు మూతపడిన రోజులను నెలల క్రితమే నిజాయితీగా తీసేసినందువల్ల వచ్చింది. తర్వాతి ప్రశ్న దీనికన్నా కష్టమైనది.

"వడ్డీ 8 శాతం, కూలి పెరుగుదల 5 శాతం, కాబట్టి నికర రేటు 3 శాతం లోపేనని మీ నివేదికలో రాశారు. 25 ఏళ్లకు గుణకం 17 దాటాలని అన్నారు. మరి ఆదాయానికి 40 శాతం కూడా కలిపారు. కూలి పెరుగుదలను రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదా?"

ఇది సరైన ప్రశ్న. నికర రేటులో కూలి పెరుగుదల ఒకసారి వచ్చింది, 40 శాతంలో మళ్లీ వచ్చింది. రెండింటిలో ఒకదాన్నే ఉంచాలి. ఆయన ఆ పొరపాటు చేసి ఉంటే అక్కడే ఒప్పుకోవాలి. ఒప్పుకున్న నిపుణుడి మిగతా లెక్కను జడ్జి నమ్మే అవకాశం ఉంది. బుకాయించిన నిపుణుడి మంచి లెక్క కూడా ఆ పొరపాటుతో కలిసి కొట్టుకుపోతుంది. 2009లో రమేశ్ చంద్ర అగ్రవాల్ కేసులో సుప్రీంకోర్టు నిపుణుడి హద్దులు గీసింది. నిపుణుడిది సలహా మాత్రమే. తన ముగింపు సరైనదో కాదో పరీక్షించుకోవడానికి కావలసిన ఆధారాలనూ ప్రమాణాలనూ ఆయన జడ్జి ముందు పెట్టాలి. తీర్పు జడ్జిదే. పిలిచింది ఎవరైనా, బీమా కంపెనీ పిలిచి ఉంటే కూడా ఇదే వడ్డీ రేటు వాడేవాడినని చెప్పగలిగితే ఆయన నిపుణుడు. చెప్పలేకపోతే ఆయన కూడా ఇంకో వకీలే.

ప్రయోగశాలలో పొడవు కొలిచి "12.4 సెంటీమీటర్లు, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ" అని రాస్తాం కదా. ఆర్థికవేత్త కూడా 30,24,000 అని చివరి వెయ్యి దాకా చెప్పి ఊరుకోకూడదు. పని నెలలు తొమ్మిదైతే ఎంత, పదకొండైతే ఎంత, వడ్డీ ఒక శాతం మారితే ఎంత అన్నది కూడా చూపాలి. ఇంగ్లండు, వేల్స్‌లో ప్రభుత్వమే ఈ లెక్కలకు డిస్కౌంటు రేటు ప్రకటిస్తుంది. 2017లో అది సున్నాకు 0.75 శాతం కింద ఉంది, 2019లో 0.25 శాతం కింద. 2025 జనవరిలో సున్నాకు పైన 0.5 శాతానికి మార్చారు. రేటు సున్నాకు కిందికి పోతే, ఎన్నేళ్ల ఆదాయం పోయిందో ఆ ఏళ్ల సంఖ్య కన్నా గుణకమే పెద్దదవుతుంది. ఎలాగో ఆలోచించండి.

ఆర్థికవేత్త ఒకటి చెబితే కోర్టు మరొకటి

మన దేశంలో ఒక ఆర్థికవేత్త సాక్ష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రసిద్ధమైన కేసు ఒకటి ఉంది. 1998లో అమెరికా నుంచి సెలవుల మీద కోల్‌కతా వచ్చిన 36 ఏళ్ల ప్రవాస భారతీయురాలు చికిత్సలో జరిగిన నిర్లక్ష్యం వల్ల మరణించారు. మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని అప్పుడప్పుడే వృత్తిలోకి అడుగుపెడుతున్న మనిషి. ఆమె భర్త వేసిన కేసులో అమెరికా ఆర్థికవేత్త ప్రొఫెసర్ జాన్ ఎఫ్. బర్క్ నిపుణ సాక్షి. 2011లో వీడియో సమావేశం ద్వారా ఆయనను ప్రశ్నించారు. సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేశాక కూడా ఆదాయ నష్టం 51,25,000 డాలర్లని ఆయన లెక్క.

2013 అక్టోబరు 24న బలరాం ప్రసాద్, కునాల్ సాహా కేసుగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కోర్టు ఆ అంకెను తీసుకోలేదు. ఆమె ఏడాది ఆదాయాన్ని 40,000 డాలర్లుగా అంచనా వేసింది. భవిష్యత్తు పెరుగుదలకు 30 శాతం కలిపితే 52,000. మూడో వంతు తీసేస్తే 34,667. డాలరుకు 55 రూపాయల చొప్పున 19,06,685. దాన్ని 30తో హెచ్చిస్తే 5,72,00,550 రూపాయలు. అదే మారకం రేటున ప్రొఫెసర్ అంకె 28 కోట్లు దాటుతుంది. అంటే కోర్టు ఇచ్చింది దాదాపు అయిదో వంతు. మిగతా పద్దులు కలిపి మొత్తం ఆరు కోట్ల పైన చిలుకు, దాని మీద వడ్డీ. మన దేశంలో వైద్య నిర్లక్ష్యం కేసుల్లో అంతకు ముందు అంత పెద్ద మొత్తం రాలేదు.

అయితే ఆర్థికవేత్త ఓడిపోయాడా? నేనలా అనుకోను. కోర్టు నడిచిన మెట్లు చూడండి. ఆదాయం, పెరుగుదల, సొంత ఖర్చు, ఏళ్లు, మారకం రేటు, ఇవన్నీ తీర్పులో విడివిడిగా కనబడుతున్నాయి. ఎక్కడ విభేదించామో వేలు పెట్టి చూపగలం. అంకెతో ఏకీభవించకపోయినా లెక్క నడిచే దారి బయటపడింది. దీని మీద నాకొక చిన్న అసంతృప్తి ఉంది. 30తో నేరుగా హెచ్చించడమంటే ముప్పై ఏళ్ల తర్వాతి రూపాయికీ ఈనాటి రూపాయికీ ఒకే విలువ ఇవ్వడం. అదే సమయంలో 40,000 అన్న మొదటి అంచనా బాగా తక్కువే కావచ్చు. రెండు తప్పులు ఎదురెదురు దిశల్లో ఉంటే జవాబు సుమారుగా సరిపోవచ్చు, కానీ నా తరగతిలో అలా వచ్చిన జవాబుకు పూర్తి మార్కులు పడవు.

జీతం లేని పని

మళ్లీ లింబాయత్‌కు వద్దాం. చనిపోయింది ఆ కార్మికుడు కాక అతని భార్య అయి ఉంటే? సూరత్‌లో ఎందరో ఆడవాళ్లు ఇంట్లో కూర్చునే చీరల అంచులకు లేసు కుడతారు, రాళ్లు అంటిస్తారు, దారాలు కత్తిరిస్తారు. ముక్కకు ఇంతని వచ్చే ఆ డబ్బుకు నోటుబుక్కు కూడా ఉండదు. వంట, నీళ్లు, పిల్లలు, జబ్బుపడ్డ అత్తగారు, వీటికైతే ఆ ముక్క కూలి కూడా లేదు. 1994 పట్టికలో సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయలు ఊహించుకోమన్నారు. 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం మీద 2001లో వచ్చిన లతా వధ్వా తీర్పులో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువను నెలకు 3,000గా లెక్కించింది.

2021 జనవరి 5న కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ విషయం మీద ప్రత్యేకంగా తన అభిప్రాయం రాశారు. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన ఆయన అదే ఏడు ఏప్రిల్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని 2011 జనాభా లెక్కల్లో చెప్పుకున్న స్త్రీలు దాదాపు 16 కోట్లు, పురుషులు సుమారు 58 లక్షలు అని ఆయన గుర్తుచేశారు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్నది కూడా ఆ తీర్పులో ఉంది. ఆ పనికి విలువ కట్టే ఆర్థికశాస్త్ర పద్ధతులను కూడా ఆయన ప్రస్తావించారు. ఇంట్లో ఉండటం వల్ల ఆమె వదులుకున్న సంపాదన ఎంత అన్నది ఒక పద్ధతి. అవే పనులు కూలికి చేయిస్తే ఎంత అవుతుందన్నది ఇంకొకటి. దంపతుల ఆదాయంలో ఆమెను సమాన భాగస్వామిగా చూడటం మరొకటి. బోనులో ఆర్థికవేత్త లేకపోయినా ఆర్థికశాస్త్రం తీర్పులోకి వచ్చిన సందర్భం ఇది.

ఏ పద్ధతికి ఎంత తేడా వస్తుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. మీ అమ్మగారు ఒక రోజంతా చేసిన పనులను నిమిషాలతో సహా రాయండి. ఒక్కో పనికి మీ ఊళ్లో కూలి ఎంతో కనుక్కోండి. రాత్రి రెండు గంటలకు జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన మేలుకుని ఉండటాన్ని ఏ కూలి కింద రాయాలన్న చోట మీ కలం ఆగుతుంది. ఆర్థికవేత్త కలం కూడా అక్కడే ఆగుతుంది. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే విలువ సున్నా అని రాసినట్టేనని ఆయన కోర్టుకు చెప్పి తీరాలి.

ఇక చేసి చూడాల్సిన లెక్క. సూరత్‌లో సొంతంగా టీ బండి నడుపుకునే 42 ఏళ్ల వ్యక్తి ప్రమాదంలో మరణించాడు. భార్య, ఇద్దరు పిల్లలు ఆధారపడి ఉన్నారు. ఏడాది ఆదాయం 1,50,000 అని ఆర్థికవేత్త తేల్చాడు. 41 నుంచి 45 ఏళ్లకు గుణకం 14. పైన చెప్పిన నియమాల ప్రకారం 17,50,000 రావాలి, వస్తుందో లేదో చూడండి. వచ్చాక, బీమా కంపెనీ వకీలు స్థానంలో మీరుంటే ఆ ఆర్థికవేత్తను మొదట ఏ ప్రశ్న అడుగుతారో ఒక కాగితం మీద రాసి ఉంచండి.